కింగ్స్లీ డేవిస్ చెప్పినదీ, మనం విన్నదీ

ఇరవై అయిదేళ్ళుగా విద్యార్థుల వ్యాసపత్రాలు దిద్దుతున్నాను. "జనాభా సమస్య" అని విషయం ఇచ్చినప్పుడల్లా నూటికి తొంభై పత్రాలు ఒకే త్రోవన నడుస్తాయి. మొదటి వాక్యంలో "జనాభా విస్ఫోటం" అన్న మాట ఉంటుంది. రెండవ వాక్యంలో దానికి కారణం పేదల అజ్ఞానమని ఉంటుంది. మూడవ వాక్యంలో దానికి కుటుంబ నియంత్రణే ఔషధమని ఉంటుంది. ఆపైన రెండు పుటల నిండా ఈ మూడు వాక్యాలనే అటు త్రిప్పీ ఇటు త్రిప్పీ వ్రాస్తారు. పిల్లలను తప్పు పట్టలేము. వారి చేతికి వచ్చిన గైడు పుస్తకాలలో ఉన్నది అదే. ఆ గైడులు వ్రాసినవారికి మాబోటి ఉపాధ్యాయులు చెప్పినదీ అదే.

"విస్ఫోటం" అన్న మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉన్నది. పేలేది మందుగుండు. పురిటి మంచంలో బిడ్డను చూచుకొని ఏ తల్లీ ఏదో పేలినదని అనుకోదు. ఈ మాట ఎక్కడ పుట్టి మన భాషలోకి వచ్చిందా అని వెదకుతూ పోగా ఒక అమెరికా పండితుని ముంగిట తేలాను. ఆయన పేరు కింగ్స్లీ డేవిస్. ఇంగ్లీషులో ఆ పదబంధాన్ని వాడుకలోకి తెచ్చిన ఖ్యాతిని సాధారణంగా ఆయనకే ఇస్తారు. 1945లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఆయన మానవజాతి సంఖ్యను మందుగుండు వత్తితో పోల్చాడు. వేల ఏండ్లపాటు ఆ వత్తి మెల్లగా, ఆగి ఆగి కాలుతూ వచ్చి, ఆధునిక కాలంలో మందును తాకినదని ఆయన భావం. ఐరోపాలో బాంబుల మోత ఇంకా ఆగని రోజులవి. అటువంటి ఉపమానం ఆ కాలంలో ఎవరికైనా తోచగలదు.

ఉపమానం సముద్రాలు దాటి వచ్చి మన పిల్లల వ్యాసాలలో కాపురం పెట్టినది. దాని వెనుక ఆయన చెప్పిన అసలు సంగతి మాత్రం రేవులోనే ఉండిపోయినది. ఒక ఇంట ఎంతమంది పిల్లలు పుడతారన్నది ఆ దంపతుల జ్ఞానాజ్ఞానాలు తేల్చే విషయం కాదనీ, వారు బ్రతుకుతున్న సమాజంలోని పెండ్లి, చుట్టరికం, ఆస్తి, పరువు తేల్చే విషయమనీ ఆయన దాదాపు జీవితమంతా చెప్పాడు. అనగా మన వ్యాసాలలోని రెండవ వాక్యాన్ని ఖండించినవాడే మొదటి వాక్యంలోని మాటకు కర్త! ఆయనను చదవకుండా ఆయన మాటను వాడుతున్నామని నా ఫిర్యాదు. చదివితే ఆయనతో తగాదా కూడా పడవలసి వస్తుంది. ఆ తగాదా మన తెలుగుదేశం సాక్షిగానే పడవచ్చు.

డేవిస్ 1908లో టెక్సాస్ రాష్ట్రంలో టక్సీడో అనే చిన్న ఊరిలో జన్మించాడు. సాహిత్య విద్యార్థులు సంతోషించదగిన సంగతి ఏమంటే, ఆయన మొదట చదివినది ఆంగ్ల సాహిత్యం. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1930లో ఆ విషయంలో పట్టం పుచ్చుకొని, 1932లో తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. అటుపిమ్మట హార్వర్డుకు పోయి సమాజశాస్త్రం చేపట్టి 1936లో డాక్టరేటు పొందాడు. ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం జనాభా కాదు, చుట్టరికం. మనకు మేనమామ వేరు, పినతండ్రి వేరు, మేనత్త మొగుడు వేరు. ఇంగ్లీషువానికి ముగ్గురూ "అంకుల్" అనే ఒక్క మాటలో ఇముడుతారు. ఏ సమాజం ఏ బంధువుకు ప్రత్యేకంగా పేరు పెట్టుకొంటుంది, ఆ పేరుతోపాటు ఏ హక్కులూ ఏ బాధ్యతలూ వస్తాయి అన్నది ఆ శాస్త్రపు విచారణ. జనన మరణాల పట్టికలు ఆయన జీవితంలోకి తరువాత వచ్చినవి. చుట్టరికం దారిన అంకెలను చేరినవాడు కనుక, అంకె కనిపించినచోటల్లా ఆయనకు దాని వెనుక ఒక ఇల్లు కనిపించినది.

పెన్సిల్వేనియాలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో ఆయన చేసిన పని ఒకటి ఉన్నది. దానికీ జనాభాకూ సంబంధం లేదనిపిస్తుంది. ఉపాధ్యాయులు మాత్రం దానిని తప్పక తెలుసుకోవాలి. 1938 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రంలో ఒక పల్లెటి ఇంటి మేడగదిలో దాదాపు ఆరేండ్ల ఆడపిల్ల బయటపడినది. పెండ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ. తాతకు మొగం చూపలేక తల్లి ఆమెను పై గదిలోనే ఉంచివేసినది. పాలు తప్ప ఇంచుమించు మరే ఆహారమూ లేదు. ఒకరు మాట్లాడించినది లేదు, ఎత్తుకొని తిప్పినది లేదు. దొరికిననాటికి ఆ పిల్ల నడవలేదు, మాట్లాడలేదు, తనంతట తాను తినలేదు. డేవిస్ స్వయంగా పోయి ఆమెను చూచి, అన్నా అనే మారుపేరుతో ఆమె కథను 1940లో ప్రచురించాడు. తరువాత నాలుగేళ్ళలో ఆమె నడవడం నేర్చినది. పూసలు గ్రుచ్చడం, చేతులు కడుగుకొనడం, పళ్ళు తోముకొనడం నేర్చినది. కొద్దిపాటి మాటలు వచ్చినవి. 1942 ఆగస్టులో కామెర్లతో చనిపోయినది.

1947లో అదే విషయంపై ఆయన మళ్ళీ వ్రాస్తూ ఒహాయో రాష్ట్రంలో దొరికిన మరొక బాలికను అన్నాతో పోల్చాడు. ఆమెకు ఇజబెల్ అని పేరు పెట్టారు. ఈమెను కూడా ఆరేండ్లకు పైగా చీకటి గదిలోనే దాచారు. అయితే ఈమెతోపాటు తల్లి ఉన్నది. ఆ తల్లి మూగ, చెవిటి. సైగలే వారి భాష. ఇజబెల్‌కు నేర్పు గల శిక్షణ లభించినది, రెండేళ్ళలో ఆమె తోటి పిల్లలను అందుకొన్నది. అన్నాకు పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉండి ఉండవచ్చునని డేవిస్ దాపరికం లేకుండా ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చినది. అయినా ఆయనకు ఇందులో కనిపించిన విషయం స్పష్టం. మనిషి శరీరంతో పుడతాడేగాని మనిషితనంతో పుట్టడు. దానిని ఇతరులు ఇవ్వవలసినదే. పదేండ్ల తరువాత జననాల రేటును గూర్చి వ్రాసినప్పుడు కూడా ఆయన ఈ కోణాన్ని వదలలేదు. నడక, మాట వలెనే బిడ్డను కనాలనే కోరికను సైతం సమాజమే నేర్పుతున్నదని ఆయన తలంపు.

అదే 1945లో విల్బర్ట్ మూర్‌తో కలసి సమాజంలో హెచ్చుతగ్గులు ఎందుకు ఉంటాయన్న వ్యాసం ఒకటి వ్రాశాడు. అమెరికా కళాశాలలలో దానిమీద జరిగినంత వాదోపవాదం ఆయన మరే రచనమీదా జరగలేదంటారు. కష్టమైన ఉద్యోగాలకు సమర్థులు రావాలంటే ఎక్కువ ప్రతిఫలం ఉండి తీరాలన్నది అందలి సారం. పుట్టుకతో వచ్చే అంతస్తు సంగతేమిటని 1953లో మెల్విన్ ట్యూమిన్ గట్టిగా అడిగాడు. కులం మధ్య పుట్టి పెరిగిన మనకు ట్యూమిన్ పక్షమే సబబనిపించడంలో వింత లేదు. దానిని అంతటితో వదలి మన దేశం సంగతికి వస్తాను.

ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయంలో జనాభా పరిశోధనకై 1936లో ఒక కార్యాలయం వెలసినది. 1940ల్లో డేవిస్ అక్కడ చేరి, బ్రిటిషు ప్రభుత్వం 1871–72 మొదలు 1941 వరకు జరిపించిన జనాభా లెక్కల సంపుటాలను ముందు వేసుకొని కూర్చున్నాడు. ఆ శ్రమకు ఫలితంగా 1951లో వెలువడినది "భారత్, పాకిస్తానుల జనాభా" అనే ఉద్గ్రంథం. లెక్కలు తీసినది ఒక దేశంలో. పుస్తకం అచ్చయ్యేసరికి ఆ దేశం రెండయినది. పేరులోనే ఆ గాయం ఉన్నది.

మన గైడు పుస్తకాల నమ్మకాలకు ఈ గ్రంథంలో మొదటి పుటలనుంచే దెబ్బ తగులుతుంది. 1871 నుండి 1941 వరకు భారతదేశ జనాభా ఏటా సగటున నూటికి 0.6 వంతున మాత్రమే పెరిగినదని ఆయన లెక్క కట్టాడు. అదే కాలంలో ఐరోపా, అమెరికా, జపాను అంతకంటె వేగంగా పెరిగినవి. అనగా హిందూదేశం ఎన్నడూ చీమలపుట్ట వలె పెరుగుతూనే ఉన్నదన్న మాట వట్టిది. పుట్టినవారు పుట్టినట్లే పోయేవారు. 1911–21 దశాబ్దంలో మన సగటు ఆయుర్దాయం సుమారు 20 సంవత్సరాలు! (ఇరవై ఏండ్లకే అందరూ చనిపోయినారని దీని అర్థం కాదు. పసిపాపలు గుంపులు గుంపులుగా పోవడం వల్ల సగటు అంతకు దిగినది. తరగతిలో ఈ ముక్క విడమరచి చెప్పకపోతే పిల్లలు పొరపడతారు.) ఆ దశాబ్దంలోనే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. అందులో ఈ ఉపఖండంలో చనిపోయినవారు దాదాపు రెండు కోట్లని డేవిస్ అంచనా. తరువాతివారు కొందరు దానిని కొంత తగ్గించారు. తగ్గించినా కోటికి పైమాటే. ప్రపంచయుద్ధంలో చచ్చిన సైనికుల కథలు మనకు పాఠ్యపుస్తకాలలో ఉన్నవి గాని, మన ఊళ్ళలో మంచాలమీద పోయిన ఈ జనానికి ఒక పుట కూడా దక్కలేదు. 1931–41 నాటికి ఆయుర్దాయం 32కు ఎక్కినది. జనాభా పెరగడానికి మూలం అక్కడ ఉన్నది. పుట్టుకలు పెరిగి కాదు, చావులు తగ్గి పెరిగినది. "విస్ఫోటం" అని మనం భయపడుతున్న దాని అసలు పేరు పసిబిడ్డలు బ్రతకడం.

ఆ గ్రంథంలోనే వలసలను గూర్చిన లెక్క ఒకటి ఉన్నది. 1834 నుండి 1937 వరకు ఈ దేశపు రేవులు విడిచి పోయినవారు సుమారు మూడు కోట్లు. తిరిగి వచ్చినవారు రెండు కోట్ల నలభై లక్షల వరకు. విశాఖపట్నం, కాకినాడ రేవులలో ఓడ ఎక్కి "రంగం" పోయిన మన కళింగాంధ్ర కూలీలు ఈ అంకెలలో ఉన్నారు. మారిషస్ చెరకుతోటలకు, నేటాలుకు, మలయా రబ్బరుతోటలకు పోయిన తెలుగువారూ ఉన్నారు. రాకపోకలకు నడుమ మిగిలిన ఆ అరవై లక్షల పైచిలుకు మందిలో కొందరు అక్కడ స్థిరపడినారు, కొందరు అక్కడి మట్టిలో కలిసినారు. మన ఉత్తర జిల్లాల కథలలో, పాటలలో రంగం పోయి రాని కొడుకు, రాని మగడు ఎందుకు అంతగా కనిపిస్తారో ఈ అంకె చూచిన తరువాత నాకు బోధపడినది.

1955లో డేవిస్ బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారాడు. ఆ యేడాది, మరుసటి యేడాది వ్రాసిన రెండు వ్యాసాలు ఆయన ఆలోచనకు గుండెకాయ అని నా ఉద్దేశం. మొదటిదానిలో, ఉమ్మడి కుటుంబాలున్న సమాజాలలో సంతానం అధికంగా ఉండడానికి కారణం వెదికాడు. వాయవ్య ఐరోపాలో యువకుడు పెండ్లాడాలంటే ముందు వేరే ఇల్లు, ఒక జీవనాధారం సంపాదించుకోవాలి. కనుక పెండ్లి ఆలస్యం. మన ఉమ్మడి ఇంటిలో వరుడు సంపాదనపరుడు కానక్కరలేదు. పెద్దలు పెండ్లి చేస్తారు, కోడలు అత్తగారింట దిగుతుంది. పిల్లల పోషణభారం తండ్రి ఒక్కనిమీద పడదు; ఇంటిల్లిపాదీ పంచుకొంటారు. కోడలికి ఆ ఇంట చోటు దొరికేది కొడుకును కన్న తరువాతనే. ఇటువంటి ఇంట ఆరుగురిని కన్న స్త్రీని అజ్ఞాని అంటామా? ఆ ఇంటి శాస్త్రం ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. తెలియనిది మనకు.

రెండవ వ్యాసాన్ని జూడిత్ బ్లేక్‌తో కలసి 1956లో వ్రాశాడు. ఆమె స్వయంగా జనాభాశాస్త్రంలో పండితురాలు, ఆనాడు ఆయన భార్య. సమాజం జననాలమీద ప్రభావం చూపాలంటే అది పదకొండు ద్వారాలలో ఏదో ఒకదానిగుండానే చూపగలదని వారు చూపినారు. స్త్రీ పురుషులు కలియడం, గర్భం నిలవడం, ప్రసవం కావడం అనే మూడు దశలలో ఈ పదకొండూ సర్దుకొంటాయి: పెండ్లి ఏ వయసున, జీవితమంతా అవివాహితులుగా ఉండేవారెందరు, భర్త పోయిన స్త్రీకి మళ్ళీ పెండ్లి ఉన్నదా లేదా, గర్భనిరోధం, గర్భస్రావం, ఇత్యాదులు. ఈ పట్టికలో హిందువుల వితంతు వివాహ నిషేధం కూడా ఉదాహరణ అయినది. బాల్యవివాహం జననాలను పెంచుతుంది. నిర్బంధ వైధవ్యం తగ్గిస్తుంది. ఎనిమిదేండ్లకు పెండ్లి చేసి పన్నెండేండ్లకు తల గొరిగించిన సమాజం, తాను ఒక చేత పెంచి మరొక చేత తగ్గిస్తున్నానని ఎరుగదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు జననాల రేటు ఏమవుతుందని ఎవరూ విచారించలేదు. విచారించకపోవడమే మేలయినది.

1963లో ఆయన అమెరికా జనాభాశాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షోపన్యాసంగా మరొక ముఖ్యమైన మాట చెప్పాడు. పిల్లల సంఖ్య తగ్గించుకొనడానికి మనుషులను పురికొల్పేది దారిద్ర్యం కాదట. ఇంట చావులు తగ్గి, బిడ్డలందరూ దక్కి, ఉన్న పొలాన్నీ ఉన్న పరువునూ ఇంతమందికి పంచవలసి వచ్చినప్పుడు, మంచి అవకాశాలు కంటికి కనిపిస్తూ చేతికి అందకుండా పోతాయన్న భయం కలిగినప్పుడు మనుషులు అన్ని ఉపాయాలూ పన్నుతారు. ఐర్లండువారు ఆలస్యంగా పెండ్లాడినారు, పెండ్లి మానుకొన్నారు, ఓడలెక్కి వలసపోయినారు. జపానులో 1948లో గర్భస్రావానికి చట్టం అనుమతి ఇచ్చినది. 1947లో ఒక్కొక్క స్త్రీకి సగటున నాలుగున్నరగా ఉన్న సంతానం పదేండ్లలో రెండుకు దిగినది.

ఈ వాదం చదివినప్పుడు నాకు మా ఇల్లే జ్ఞాపకం వచ్చినది. మా అమ్మమ్మకు తొమ్మిది కాన్పులు, దక్కినది నలుగురు. మా అమ్మకు ఆరుగురం, ఆరుగురమూ దక్కాము. అమ్మమ్మ ఇంట లేని ఇరుకు అమ్మ ఇంట వచ్చినది. కంచాలు చాలక కాదు, ఫీజులు చాలక. మా అక్క ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషను చేయించుకొన్నది. ఏడవ తరగతి దాటని మనిషి. ఆనాడు ఊరిలో ప్రతి గోడమీదా ఎర్ర త్రికోణం ఉండేది. ఆమె దానిని చూచి నిర్ణయించుకొన్నదని నేను అనుకోను. మా ఇంట పెరిగినది కనుక నిర్ణయించుకొన్నది.

ఇక తగాదాకు వస్తాను. 1967 నవంబరులో "సైన్స్" పత్రికలో డేవిస్ ఒక వ్యాసం ప్రకటించాడు. అప్పటికి ఆయన ప్రతిష్ఠ శిఖరాన ఉన్నది. అంతకు ముందటి యేడాదే అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుకు ఎన్నికయ్యాడు. సమాజశాస్త్రజ్ఞులలో ఆ గౌరవం పొందిన తొలివాడు ఆయనే. కుటుంబ నియంత్రణ కార్యక్రమాలను ఈ వ్యాసంలో ఆయన నిర్దాక్షిణ్యంగా విమర్శించాడు. దంపతులు కోరుకొన్నంతమంది పిల్లలను కనడానికి సాధనాలు ఇవ్వడం వేరు, దేశపు జనాభా పెరగకుండా ఆపడం వేరు. నలుగురు కావాలనుకొనే వారికి సాధనం ఇస్తే నలుగురితో ఆపుతారు. జనాభా పెరుగుతూనే ఉంటుంది. పనిని వైద్యులకు అప్పగించి, మందుల పెట్టెలు లెక్కబెట్టి విజయం ప్రకటించుకొనడం ఆత్మవంచన. మార్చవలసినది కోరికను, కోరికను మార్చాలంటే పెండ్లి వయసు, స్త్రీల ఉద్యోగం, వారి చదువు, ఇంటిలో వారి స్థానం మారాలి. ఇంతవరకు ప్రతి అక్షరమూ కళ్ళకద్దుకోవలసినదే. 1952లోనే ప్రపంచంలో తొలిసారిగా ప్రభుత్వపక్షాన ఈ కార్యక్రమం మొదలుపెట్టిన మన దేశానికి ఆ విమర్శ సూటిగా తగిలినది.

అయితే అదే వ్యాసంలో ఆయన కలం మరొక వంకకు తిరిగినది. ప్రభుత్వాలు తలచుకొంటే చేయగల పనులంటూ, పెండ్లి అనుమతికి పెద్ద రుసుము, బిడ్డలమీద పన్ను, పెండ్లి కాకుండా వచ్చిన గర్భానికి నిర్బంధ గర్భస్రావం వంటివి పేర్కొన్నాడు. ఇవి తన ఆదేశాలు కావనీ, ఇంత తీవ్రంగా పోనక్కర లేకుండా సంతానాన్ని ప్రోత్సహించే పాత విధానాలను తొలగించినా చాలుననీ అర్థం వచ్చేటట్లు సర్దుకొన్నాడు. సర్దుకొన్నా నాకు మింగుడుపడలేదు. పెండ్లి కాని తల్లి దాచిపెట్టిన అన్నాను వెళ్ళి చూచి వచ్చిన మనిషేనా ఈ మాట వ్రాసినది? అక్కడ ఆ తల్లిని ఆ పనికి పురికొల్పినది సమాజపు సిగ్గు. ఇక్కడ అదే సిగ్గును చట్టంగా వ్రాయవచ్చునంటున్నాడు. ఇంటిని అంత ఓపికగా చూచినవాడు, దేశాన్ని చూడవలసి వచ్చేసరికి జమాఖర్చుల పుస్తకం తెరిచాడు.

నిర్బంధం అన్నది కాగితంమీద ఒక వాక్యం. పల్లెలో అది వేరు. మన దేశంలో 1976–77 ఒక్క సంవత్సరంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగినవి; అందులో ఎక్కువభాగం పురుషులకు. ఉపాధ్యాయులకు సైతం ఇంతమందిని తీసుకొనిరావాలని కోటాలు పెట్టిన చోట్లు ఉన్నవి. దీనికి డేవిస్ కారకుడని నేను అనడం లేదు. ఢిల్లీ అధికారులు ఆయన వ్యాసం ముందు పెట్టుకొని ఈ పని చేయలేదు. ప్రజల సంఖ్యను "విస్ఫోటం"గా చూడడం అలవాటయిన కళ్ళకు ఇది దారుణంగా కనిపించలేదన్నదే నా బాధ. 1977 ఎన్నికల తరువాత పురుషుని జోలికి పోవడానికి ప్రభుత్వాలు జంకినవి. భారమంతా స్త్రీ శరీరంమీదకు మారినది, ఇంతవరకు దిగలేదు.

ఆ మార్పు అందరికంటె స్పష్టంగా కనిపించేది మన తెలుగునాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005–06 నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానం 1.8; అనగా జనాభా స్థిరంగా ఉండడానికి అవసరమైన 2.1 కంటె తక్కువ. డేవిస్ సిద్ధాంతం ప్రకారం ఇది స్త్రీవిద్య పెరిగి, పెండ్లి వయసు పెరిగిన తరువాత జరగవలసినది. కాని అదే సర్వేలో, ఇరవై మొదలు ఇరవై నాలుగేండ్ల వయసు స్త్రీలలో సగానికి పైగా పద్ధెనిమిది నిండకముందే పెండ్లయినవారు. 2011 లెక్కల్లో మన అక్షరాస్యత దేశపు సగటుకంటె తక్కువ. బాల్యంలో పెండ్లి, వెంటవెంటనే ఇద్దరు బిడ్డలు, పాతికేండ్లు రాకముందే ఆపరేషను: ఇదీ మన స్త్రీ నడిచిన దారి. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో ఆపరేషను చేయించుకొన్నవారు నూటికి దాదాపు 70 మంది. ఇంటిలో వారి స్థానం మారకుండానే జననాలు తగ్గవచ్చునని మనం నిరూపించాము. డేవిస్ దీనిని ఊహించలేదు.

ఆయన పూర్తిగా ఓడిపోయాడా? నాకు అట్లా తోచదు. కోరిక మారనిదే సంఖ్య మారదన్న మాట నిలిచినది. మా అక్క సాక్ష్యం ఉన్నది. కోరిక మారడానికి స్త్రీకి స్వాతంత్ర్యం రావాలన్న మాట నిలవలేదు. కొడుకును కాన్వెంటులో వేయాలన్న ఆశ, కూతురి కట్నం భయం, చితికిన పొలం, ఇవే ఆ పని చేసినవి. ఆయన 1963లో చెప్పినది 1967లో చెప్పినదానికంటె గట్టిది.

ఇప్పుడు గాలి ఎదురు తిరిగినది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికలలో నిలబడరాదని 1994లో మన చట్టం శాసించినది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తివేసినది. వృద్ధులు పెరుగుతున్నారు, పిల్లలను ఎక్కువమందిని కనండి అని ఇప్పుడు నాయకులు చెబుతున్నారు. నాడు వద్దన్నా, నేడు కనమన్నా, వారి దృష్టిలో స్త్రీ ఒక కుళాయి. తిప్పితే ఆగుతుంది, తిప్పితే వస్తుంది. రెండు ఆజ్ఞలకూ డేవిస్ అడగగల ప్రశ్న ఒక్కటే: ఆ ఇంటిలో ఏమి మారినది?

డేవిస్ బర్క్లీలో 1977 వరకు పనిచేసి, పిమ్మట దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించి, 1997లో కన్నుమూశాడు. అప్పటికి ఆయన భయపడిన వేగం ప్రపంచమంతటా తగ్గుముఖం పట్టినది.

నిరుటి సంవత్సరం వ్యాసరచనలో నేను "జనాభా సమస్య" అన్న విషయాన్ని ఇవ్వలేదు. "మీ ఇంట మూడు తరాలలో ఎందరు పుట్టారు, ఎందరు మిగిలారు, ఎందుకు? అడిగి తెలిసికొని వ్రాయండి" అని ఇచ్చాను. విస్ఫోటం అన్న మాట ఒక్క పత్రంలోనూ లేదు. ఒక విద్యార్థిని పత్రం నా దగ్గరనే ఉంచుకొన్నాను. వాళ్ళ నాయనమ్మ ఎందరిని కన్నదో రెండు సాయంత్రాలు అడిగినదట. మొదట ఏడుగురన్నదట ఆ ముసలమ్మ, తరువాత ఎనిమిది అన్నదట, మూడవసారి అడిగితే తొమ్మిది అన్నదట. లెక్క ఎందుకు మారుతున్నదంటే, ఇద్దరు పేరు పెట్టకముందే పోయినారట. పేరు లేని బిడ్డలను లెక్కలో చెప్పాలా వద్దా అని మనుమరాలినే తిరిగి అడిగినదట.